గిటార్ కొనే ముందు పిల్లల భుజం చూడండి



పోయిన ఏడాది ఎస్‌ఏ-1 ప్రోగ్రెస్ కార్డులో, మా ఏడో తరగతి అమ్మాయి ఒకరికి రిమార్క్స్ గడిలో నేనే రాశాను, మొదలుపెట్టిన పనిని కొనసాగించడం నేర్చుకోవాలి అని. ఆ అమ్మాయి జూన్‌లో గిటార్ క్లబ్‌లో చేరి సెప్టెంబర్‌కల్లా మానేసింది. పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చిన వాళ్ల నాన్నగారు "ఏదైనా మూడు నెలల ముచ్చటే మేడమ్, అంత డబ్బు పోసి మంచి గిటార్ కొన్నాం" అని బాధపడ్డారు. నేనూ తల ఊపాను.

తర్వాత ఒక శనివారం ఆ గిటార్‌ను బడికి తెప్పించి, పాపను కుర్చీలో కూర్చోబెట్టి పట్టుకోమన్నాను. కుడి భుజం చెవి దాకా లేచింది. మోచేయి గిటార్ అంచు దాటి కిందికి దిగడం లేదు. వేళ్లు తీగలను అందుకోవాలంటే పాప ముందుకు వంగి గిటార్‌ను దాదాపు కౌగిలించుకోవాల్సి వస్తోంది. "ఇంట్లో ఎంతసేపు వాయించేదానివి?" అని అడిగితే, "పది నిమిషాలకి ఇక్కడ లాగేది మేడమ్" అని మెడ కింద చూపించింది. ఎవరికీ ఎందుకు చెప్పలేదు అంటే, అందరికీ అలాగే ఉంటుందనుకుందట.

నేను ఆ రిమార్క్ రాయాల్సింది పాప మీద కాదు, ఆ గిటార్ సైజు మీద. ఇంగ్లిష్ టీచర్‌నైన నేను ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నది అందుకే. బీఈడీ రోజుల్లో హాస్టల్లో నేర్చుకున్న గిటార్ తప్ప నాకు సంగీతంలో పట్టా ఏమీ లేదు. అయితే ఈ విషయంలో పట్టా కన్నా పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలే ఎక్కువ పనికొస్తుంది.

ముందుగా మీ అబ్బాయో అమ్మాయో ఏం వాయించాలనుకుంటున్నారో అడగండి. గిటార్ వాయించడంలో రెండు దారులున్నాయి. చేతిలో చిన్న ప్లాస్టిక్ పిక్ పట్టుకుని ఆరు తీగల మీదుగా ఒకేసారి కిందికీ పైకీ ఆడించడం స్ట్రమ్మింగ్. పాడేవాళ్లకు తోడుగా, నలుగురు కూర్చున్న చోట ఇది బాగుంటుంది. రెండోది తీగలను ఒక్కొక్కటిగా వేళ్లతో మీటడం. దీన్నే ఫింగర్‌పికింగ్ అంటారు. బొటనవేలు లావు తీగలు మూడింటినీ, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు సన్న తీగలు మూడింటినీ చూసుకుంటాయి. ఇళయరాజా పాటల్లో మొదటి చరణం రాకముందే గిటార్ విడివిడిగా, చినుకుల్లా వినిపించే చోట్లు గుర్తు తెచ్చుకోండి. వీణ తెలిసిన ఇళ్లలో అయితే ఇంత వివరణ అక్కర్లేదు. వేళ్లతో మీటడం మనకు కొత్త కాదు. వీణకు మెట్లు ఉన్నట్టే గిటార్‌కు ఫ్రెట్లు ఉంటాయి.

మా క్లబ్‌లో చేరే పిల్లల్లో చాలామంది అడిగేది ఈ రెండో దారే. షాపులో వాళ్ల చేతికి వచ్చేది మాత్రం మొదటి దారికి పుట్టిన గిటార్.

ఆ గిటార్ పేరు డ్రెడ్‌నాట్. గిటార్ అనగానే మన కళ్లకు కట్టే పెద్ద, వెడల్పైన, నడుము పెద్దగా లేని ఆకారం అదే. 1906లో బ్రిటన్ నీటిలోకి దింపిన ఒక భారీ యుద్ధనౌక పేరు దీనికి పెట్టారు. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1916లో బోస్టన్‌కు చెందిన డిట్సన్ అనే సంగీత వ్యాపార సంస్థ కోసం దీన్ని తయారుచేసింది. పెద్ద శబ్దం, బలమైన మంద్రం కావాలని చేసిన ఆకారం ఇది. అంతకు ముందు, అంటే 19వ శతాబ్దమంతా, గిటార్లు చిన్నవిగానే ఉండేవి, వాటిని ఎక్కువగా వేళ్లతోనే మీటేవారు. ఇవాళ మనం "చిన్న గిటార్" అంటున్నది నిజానికి అసలు సైజు. పెద్దది తర్వాత వచ్చింది.

వేళ్లకు చిన్న బాడీ ఎందుకు నప్పుతుందో చెప్తాను. తీగ కదిలితే ఆ కదలిక బ్రిడ్జి ద్వారా ముందు పలకకు చేరి, పలక గాలిని కదిలిస్తుంది. పలక పెద్దదై, లోపల గాలి ఎక్కువైతే దాన్ని బాగా కదిలించడానికి బలం కావాలి. పిక్‌తో గట్టిగా కొడితే ఆ బలం అందుతుంది. పన్నెండేళ్ల పిల్ల వేలి మెత్తటి కొనతో అందదు. అందిన కాస్తా లావు తీగల గుమగుమలోకి పోయి, రాగం నడిచే సన్న తీగలు వెనకపడతాయి. పిల్లలు "నాకు పాట వినిపించట్లేదు మేడమ్" అంటుంటారు. అది వాళ్ల తప్పు కాదు. చిన్న బాడీ మెల్లగా మీటినా పలుకుతుంది, లావు తీగ సన్న తీగను మింగేయదు. శబ్దం కొంచెం తక్కువే, ఒప్పుకుంటాను. మీ ఇంటి హాల్లో, పక్కింటివాళ్లు నిద్రపోయే వేళ, అది లోపమేమీ కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "చిన్న గిటార్" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి పిల్లల సైజు: హాఫ్, త్రీ ఫోర్త్ అని అమ్ముతారు, వీటిలో తీగ పొడవే తక్కువ. రెండోది బాడీ మాత్రమే చిన్నదై, తీగ పొడవు దాదాపు పెద్దవాళ్లదే ఉన్న గిటార్. కాన్సర్ట్, ఓఎం, పార్లర్, ట్రిపుల్ జీరో, డబుల్ జీరో అనే పేర్లతో దొరికేవి ఇవే. ఇది పిల్లల బొమ్మ కాదు. ఎరిక్ క్లాప్టన్ 1992లో అన్‌ప్లగ్డ్ కార్యక్రమంలో వాయించిన ప్రసిద్ధమైన గిటార్ 1939 నాటి మార్టిన్ ట్రిపుల్ జీరో. "పెరిగే పిల్లాడు కదా, పెద్దదే ఇవ్వండి" అనే మాట ఇక్కడే తేలిపోతుంది. యూనిఫాం అయితే రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టిస్తాం, ఏడాదికో మడత విప్పుతాం. గిటార్‌కు విప్పడానికి మడత లేదు. పైగా కాన్సర్ట్ బాడీ గిటార్‌ను ఎనిమిదో తరగతిలో కొంటే ఇంజినీరింగ్‌లోనూ అదే వాయించవచ్చు. మీరు కూడా వాయించవచ్చు.

తీగ పొడవును స్కేల్ లెంగ్త్ అంటారు. ఉదాహరణకు యమహాలో రెండు మోడళ్లు చూడండి. ఎఫ్‌జీ 800 డ్రెడ్‌నాట్ తరహా, తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. ఎఫ్‌ఎస్ 800 చిన్న బాడీ, 634 మిల్లీమీటర్లు. తేడా 16 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అదే తీగను అదే శ్రుతికి బిగించినప్పుడు బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆ 16 మిల్లీమీటర్లకే బిగువు సుమారు 5 శాతం తగ్గుతుంది. లేత వేళ్లకు అది తెలుస్తుంది. బాడీ లోతులోనూ తేడా ఉంది. మొదటిది 100 నుంచి 118 మిల్లీమీటర్లు, రెండోది 90 నుంచి 110. నా దృష్టిలో భుజాన్ని పైకి లేపేది వెడల్పు కన్నా ఈ లోతే. షాపులో ఎవరూ చెప్పరు, నెట్‌లో ఫొటోలో కనిపించదు.

ఐదో తరగతి లోపు పిల్లలకు మాత్రం త్రీ ఫోర్త్ లాంటి నిజమైన చిన్న సైజే సరి. 580 మిల్లీమీటర్ల తీగ పొడవు ఉన్న గిటార్‌లో మొదటి నాలుగు ఫ్రెట్లు సుమారు 120 మిల్లీమీటర్లలో అయిపోతాయి. 650 గిటార్‌లో అవే 134 దాకా సాగుతాయి. మీ పాప ఎడమచేతి చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా చాచి కొలిచి చూడండి, ఆ 14 మిల్లీమీటర్ల విలువ అర్థమవుతుంది. చిన్న సైజు కొంటే పదిమందిలో నామోషీ అనుకునే పిల్లలకు ఎడ్ షీరన్ పేరు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో పాడి వెళ్లిన ఆయనే. ఆయనకు తొలినాళ్లలో గుర్తింపు తెచ్చిన లిటిల్ మార్టిన్ తీగ పొడవు 23 అంగుళాలు, అంటే 584 మిల్లీమీటర్లు. మైకులూ స్పీకర్లూ మిగతా పని చేశాయి, అది వేరే సంగతి.

స్కేలు తీసుకుని షాపుకు వెళ్లండి

పిల్లలను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పుట్టినరోజు సర్‌ప్రైజ్ అని దాచి కొన్న గిటార్లే మా క్లబ్‌లో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి. చేతులు లేని కుర్చీ అడిగి కూర్చోబెట్టండి, గిటార్‌ను కుడి తొడ మీద ఆనించమనండి. మీరు ఎదురుగా నిలబడి రెండు భుజాలూ చూడండి. ఒకే ఎత్తులో ఉండాలి. కుడి చేయి బాడీ మీద వాలితే వేళ్లు సౌండ్ హోల్ దగ్గరికి వాటంతట అవే చేరాలి. ఎడమ చేయి మొదటి ఫ్రెట్‌ను అందుకోవడానికి మోచేయి నిటారుగా చాచాల్సి వస్తే ఆ గిటార్ వద్దు. ఈ పరీక్ష అర నిమిషంలో చేసి లేవకండి. పది నిమిషాలు కూర్చోనివ్వండి, ఎందుకంటే మా పాపకు నొప్పి మొదలైంది పదో నిమిషంలో.

తర్వాత స్కేలు తీయండి. 12వ ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ పైభాగం నుంచి లావు తీగ అడుగు దాకా కొలవండి. స్టీల్ తీగల గిటార్‌కు రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే హాయి. మూడు దాటితే వేళ్లు కోసుకుపోతాయి. అయితే ఇది గిటార్‌ను తిరస్కరించే కారణం కాదు, తెలిసిన రిపేరు మనిషి సరిచేస్తాడు. దీన్ని సెటప్ అంటారు. గిటార్ బడ్జెట్‌లోంచే దానికి కొంత పక్కన పెట్టండి. నెక్ మొదట్లో పట్టీ వెడల్పు కూడా కొలవండి. మామూలు స్టీల్ గిటార్లకు 43 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, వేళ్లతో మీటేవాళ్లు 44న్నర ఇష్టపడతారు, తీగల మధ్య వేలికి చోటు దొరుకుతుంది కాబట్టి. చెయ్యి మరీ చిన్నదైతే 43 చాలు.

ఆన్‌లైన్‌లో 38 ఇంచులు, 41 ఇంచులు అని రాసి ఉండేది మొత్తం గిటార్ పొడవు. దాన్ని బట్టి బాడీ లోతు తెలియదు. చిన్నది కదా అని మరీ చవకది తీసుకోవడం ఇంకో పొరపాటు. తీగలు గజం ఎత్తున నిలబడి, శ్రుతి పది నిమిషాలు నిలవని చిన్న గిటార్ కన్నా సరిగ్గా సెటప్ చేసిన డ్రెడ్‌నాటే నయం. డబ్బు ఉంటే ముందు పలక ప్లైవుడ్ కాకుండా ఒకే చెక్కది అడగండి. బొబ్బిలి వీణకు పనస కర్ర ఎంచినట్టు, గిటార్ ముందు పలకకు స్ప్రూసో సెడారో ఎంచుతారు. లోపల పికప్, అంచున మెరుపుల డిజైన్, ఉచితంగా ఇచ్చే బెల్టు, వీటి కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టవద్దు.

ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు రాయించే ఆలోచన ఉంటే కొనేముందే టీచర్‌తో మాట్లాడండి. క్లాసికల్ గిటార్ పరీక్ష అయితే నైలాన్ తీగల గిటార్ కావాలి. దాని బాడీ ఎలాగూ చిన్నదే, తీగలు మెత్తన, నెక్ మాత్రం 50 మిల్లీమీటర్లు దాటి వెడల్పు. దానికి ఎప్పుడూ స్టీల్ తీగలు వేయకండి. ఆరు నైలాన్ తీగల మొత్తం లాగుడు 40 కిలోల చుట్టూ ఉంటే, స్టీల్ తీగలది 70 కిలోల దాకా ఉంటుంది. బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

ఇప్పటికే ఇంట్లో పెద్ద గిటార్ ఉంటే దాన్ని అటక ఎక్కించక్కర్లేదు. తీగలు 12 సైజు నుంచి 10 సైజుకు మార్పించండి, సెటప్ చేయించండి, ఎడమ పాదం కింద చిన్న పీట వేసి గిటార్‌ను ఎడమ తొడ మీద పెట్టించండి. సగం నొప్పి అక్కడే పోవచ్చు. అప్పటికీ భుజం లేస్తుంటే మార్చండి. మా పాప వాళ్లింట్లో పెద్ద గిటార్ ఇంజినీరింగ్ చదివే పెదనాన్నగారి అబ్బాయికి వెళ్లింది. అతను హాస్టల్లో స్ట్రమ్మింగ్ చేస్తాడు, అతనికి అదే సరైనది. పాపకు కాన్సర్ట్ బాడీ వచ్చింది. ఇప్పుడు రోజూ వాయిస్తోందా అంటే, లేదు. పరీక్షలప్పుడు ముట్టదు. కానీ మానేయలేదు. ఈ ఏడాది ఆ గడిలో ఏం రాయాలో నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

చివరగా గోళ్ల సంగతి, ఎందుకంటే దీని మీద ఇప్పటికే ఇద్దరు తల్లులు ఫోన్ చేశారు. ఫింగర్‌పికింగ్‌కు కుడిచేతి గోళ్లు పెంచాలని పిల్లలు ఇంట్లో చెబుతున్నారట. మొదటి రెండేళ్లు వేలి కొన చాలు. సోమవారం గోళ్ల తనిఖీ గిటార్ క్లబ్ పిల్లలకు కూడా ఉంటుంది, ఎడమచేతి గోళ్లయితే ఇంకా పొట్టిగా ఉండాలి, లేకపోతే తీగ ఫ్రెట్‌కు ఆనదు. కొనేముందు సందేహం ఉంటే ఏ శనివారమైనా మధ్యాహ్నం పిల్లలతో మ్యూజిక్ రూమ్‌కు రండి. అక్కడ మూడు సైజుల గిటార్లున్నాయి, పట్టుకుని చూడవచ్చు.