పొద మండితే ఏమవుతుంది?
జెల్డా ఆటల లోకంలో రసాయనం: నాడు, నేడు

పిల్లవాడు తెర ముందు కూర్చుని గడ్డిమైదానానికి నిప్పు పెడుతున్నాడు. వంటింట్లో నుంచి తల్లి "ఇక ఆపి అన్నానికి రా నాన్నా" అని పిలుస్తున్నది. గాలి ఎటు వీస్తే మంట అటు పాకుతున్నది. మంటపై నుంచి వేడిగాలి పైకి లేచింది. ఆటలోని వీరుడు గుడ్డతో చేసిన గొడుగువంటి సాధనం విప్పి ఆ గాలిలో ఎగిరిపోయాడు. ఈ ఉపాయం ఆట ఎక్కడా చెప్పలేదు. పిల్లవాడే కనిపెట్టాడు. తాను చేసినది ఒక ప్రయోగమని అతనికి తెలియదు, తల్లికి అంతకన్నా తెలియదు.

ఆ ఆట పేరు 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'. జపాను దేశపు నింటెండో సంస్థ దీనిని 2017 మార్చిలో విడుదల చేసింది. ఈ పరంపరలో మొదటి ఆట 1986 ఫిబ్రవరిలో జపానులోను, మరుసటి సంవత్సరం అమెరికాలోను వెలువడింది. షిగెరు మియమోతో, తకాషి తెజుకా దాని రూపకర్తలు. క్యోటో సమీపంలోని సొనోబె అనే ఊరిలో, తన బాల్యంలో కొండలు, అడవులు తిరిగి ఒక గుహను కనుగొన్న అనుభవమే ఆ ఆటకు మూలమని మియమోతో పలుమార్లు చెప్పినారు. హద్దులు గీయకుండా ఆటగానిని ఒక లోకంలో విడిచి, ఎటైనా పొమ్మనే పద్ధతికి నేడు 'ఓపెన్ వరల్డ్' అని పేరు. ఆ పేరు వాడుకలోకి రాకమునుపే ఆ పద్ధతిని అనుసరించిన ఆటలలో 1986 నాటి జెల్డా ఒకటి.

రెండు ఆటలలోను పొదలున్నాయి. రెండింటిలోను నిప్పు ఉన్నది. నిప్పు పొదకు తగిలితే ఏమవుతుందన్న ఒక్క ప్రశ్నను రెండింటికీ వేసి చూస్తే, 31 ఏండ్లలో జరిగిన మార్పు బొమ్మల నాణ్యతలో లేదని తెలుస్తుంది.

1986 ఆటలోని భూమి 128 తెరలుగా విభజింపబడి ఉంటుంది. అడ్డంగా 16, నిలువుగా 8. ఆటగాడు అంగడిలో ఒక నీలి కొవ్వొత్తి కొనుక్కుంటాడు. (ఆ లోకంలో చలామణి అయ్యే రత్నాల పేరు 'రూపీ' అని తెలిస్తే మన పెద్దలకు నవ్వు రావచ్చు. విల్లుతో వదిలే ప్రతి బాణానికీ ఒక రూపీ ఖర్చవుతుంది.) ఆ కొవ్వొత్తితో పొదను కాల్చవచ్చు. కాలిస్తే సాధారణంగా ఏమీ జరగదు. మంట ఆరిపోతుంది, పొద చెక్కుచెదరకుండా నిలిచి ఉంటుంది. ఎక్కడో ఒక ప్రత్యేకమైన పొద మాత్రం కాలి మాయమై, దాని కింద మెట్లు కనిపిస్తాయి. లోపల ఒక రాక్షసుడు ధనం ఇవ్వవచ్చు, లేదా ఒక వృద్ధుడు తలుపు బాగుచేయించుకోవడానికి సొమ్ము ఇమ్మని ఎదురు వసూలు చేయవచ్చు. ఏ పొద కాలుతుందో, ఏది కాలదో చూపుకు తెలిసే గుర్తు ఏదీ లేదు. పైగా నీలి కొవ్వొత్తి ఒక తెరపై ఒకసారే వెలుగుతుంది. మరో పొదను పరీక్షించాలంటే పక్క తెరకు వెళ్ళి మళ్ళీ రావాలి. ఎనిమిదవ నేలమాళిగకు దారి ఇలాంటి ఒక పొద కిందనే ఉన్నది. అది దొరకనిదే ఆట పూర్తికాదు.

రసాయన ప్రయోగశాలలో పనిచేసేవారికి ఈ స్థితి ఎంత దుర్భరమో వెంటనే అర్థమవుతుంది. ప్రయోగం విఫలం కావడం బాధ కాదు; ప్రయోగశాలలో దినచర్యే అది. కాని విఫలమైన ప్రయోగం కూడా ఏదో ఒకటి నేర్పాలి. ఇక్కడ పది పొదలు కాలలేదన్న ఫలితం పదకొండవ పొదను గురించి ఏమీ చెప్పదు. ఒక ఉదాహరణ నుంచి మరొక ఉదాహరణకు సాగే తర్కమే ఆ లోకంలో చెల్లదు. అందుకే ఆనాటి పిల్లలు రహస్యాలను తర్కించి కాక, ఒకరి నుంచి ఒకరు విని తెలుసుకున్నారు. బడిలో ఒకడు చెప్పినది మరొకడు కాగితంపై పటం గీసి గుర్తు పెట్టుకునేవాడు. ఆ పంచుకోవడంలో ఒక ఆనందం ఉన్న మాట నిజమే. 1980లలో అమెరికాలో పెరిగిన తెలుగువారు కొందరికి అది ఈనాటికీ గుర్తుండే ఉంటుంది. అయితే అది ఆటలోని ప్రకృతి ఇచ్చిన ఆనందం కాదు, స్నేహితులు ఇచ్చినది.

దీనికి రూపకర్తలను తప్పుపట్టడం న్యాయం కాదు. అమెరికాలో అమ్మిన ఆ ఆట మొత్తం 128 కిలోబైట్లలో ఇమిడింది. దానిని ఆడించిన యంత్రపు సొంత పని జ్ఞాపకం 2 కిలోబైట్లు. ప్రతి పొదకూ ఉష్ణోగ్రత, తడి, గాలి అంటూ స్థితిని గుర్తుంచుకోవడానికి చోటెక్కడిది? 'ఫలానా తెరపై ఫలానా పొద' అని ఒక జాబితా రాసుకోవడం ఒక్కటే సాధ్యమైన మార్గం. 1998లో వచ్చిన 'ఒకారినా ఆఫ్ టైమ్'లో ఈ జాబితా కొంత విస్తరించింది. కాగడా నుంచి అంటించిన కర్రతో సాలెగూటిని కాల్చవచ్చు. మంట మీదుగా వదిలిన బాణం నిప్పును మోసుకుపోతుంది. అయినా పక్కనున్న పచ్చిక మాత్రం ఎంత నిప్పు తగిలినా అంటుకోదు. అది జాబితాలో లేదు కనుక.

2017లో శాన్‌ ఫ్రాన్సిస్కోలో జరిగిన గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో, కొత్త ఆట నిర్దేశకుడు హిదెమారో ఫుజిబయాషి, ఆయన సహచరులు తమ పద్ధతిని వివరించారు. వారు మొదట చేసినది ఆశ్చర్యం కలిగించే పని. 1986 ఆటను పోలిన చదునైన బొమ్మలతో ఒక చిన్న నమూనా తయారుచేసి, అందులో నిప్పు తగిలిన చెట్టు ఏదైనా కాలేలా, మంట మీదుగా పోయిన బాణం తానూ మండేలా అమర్చి చూసుకున్నారు. అంటే పాత ఆటనే తీసుకుని, జాబితాను చెరిపి, ఆ స్థానంలో నియమాలు రాసినారు. వస్తువుల చలనాన్ని లెక్కకట్టే భాగాన్ని ఆటల పరిశ్రమలో 'ఫిజిక్స్ ఇంజిన్' అని చాలాకాలంగా పిలుస్తున్నారు. వస్తువుల స్థితిని లెక్కకట్టే ఈ కొత్త భాగానికి వారు 'కెమిస్ట్రీ ఇంజిన్' అని పేరు పెట్టారు.

దాని మూలసూత్రాలు మూడే. లోకంలోని సమస్తం రెండు తెగలు. నిప్పు, నీరు, మంచు, విద్యుత్తు, గాలి వంటివి 'ఎలిమెంట్లు', అంటే భూతాలు. చెట్టు, రాయి, కత్తి, మాంసం, మనిషి వంటివి పదార్థాలు. భూతం పదార్థపు స్థితిని మార్చగలదు. నిప్పు కట్టెను కాలుస్తుంది. భూతం మరొక భూతపు స్థితిని మార్చగలదు. నీరు నిప్పును ఆర్పుతుంది. పదార్థం మాత్రం మరొక పదార్థపు స్థితిని మార్చలేదు.

ఈ మూడవ సూత్రం లోపంలా కనిపిస్తుంది, కాని కట్టడమంతా దాని మీదనే నిలిచి ఉన్నది. లోకంలో నూరు రకాల పదార్థాలున్నాయనుకుందాం. ఏ రెండు కలిస్తే ఏమవుతుందో విడివిడిగా రాయాలంటే 4,950 జతలకు రాయాలి. భూతాలు మాత్రమే మార్పు తేగలవంటే, అయిదు భూతాలకు 500 రాస్తే చాలు. కట్టె జాతి, లోహ జాతి అని పదార్థాలను వర్గాలు చేస్తే ఆ సంఖ్య పదులకు దిగుతుంది.

తెలుగు చదువుకున్నవారికి ఈ భేదం చిరపరిచితమే. నిఘంటువు వేరు, వ్యాకరణం వేరు. 'రాముడతడు' అన్న రూపాన్ని నిఘంటువులో వెతికి నేర్చుకున్నవానికి 'సోముడితడు' తెలియదు. ఉకారం తరువాత అచ్చు వస్తే ఆ ఉకారం లోపిస్తుందన్న ఒక్క నియమం నేర్చినవాడు ఎవరూ ఇంతవరకు పలకని మాటను కూడా సంధి చేసి పలకగలడు. 1986 ఆట పొదల నిఘంటువు. 2017 ఆట పొదల వ్యాకరణం. అందుకే రూపకర్తలు ముందుగా ఊహించని ప్రయోగాలను కూడా ఆటగాళ్ళు చేయగలిగారు. తీగ తెగిన విద్యుత్ వలయాన్ని కలపడానికి తగిన లోహపు దిమ్మె దొరకకపోతే, చేతిలోని ఇనుప కత్తులను వరుసగా నేలపై పేర్చి విద్యుత్తును పారించవచ్చు. ఆ లోకంలో మాంసపు ముక్కను మంచునేలపై వదిలితే గడ్డకడుతుంది. అగ్నిపర్వతం మీద వదిలితే వేగిపోతుంది.

ఇంతవరకు మెచ్చుకోవలసిందే. ఇక 'కెమిస్ట్రీ' అన్న పేరు సంగతి. రసాయన శాస్త్రంలో మూలకం అంటే ఒకే జాతి పరమాణువులతో ఏర్పడిన పదార్థం. ఆటలోని అయిదింటిలో ఒక్కటీ మూలకం కాదు. నిప్పు ఒక చర్య. ఇంధనంలోని కర్బనం, ఉదజని ప్రాణవాయువుతో కలిసేటప్పుడు వెలువడే వేడి, వెలుగు. నీరు, మంచు ఒకే పదార్థపు రెండు స్థితులు. విద్యుత్తు ఆవేశ ప్రవాహం. గాలి వీచడం వాయువుల చలనం. ఆటలోని ఈ విభజన మెండలీవ్ పట్టికకు చాలా దూరం, మన పంచభూతాలకు చాలా దగ్గర. అయితే పంచభూతాల భావన పనికిరానిదని దీని అర్థం కాదు. కంటికి కనిపించే మార్పులను కొద్ది కారణాలకు కుదించి చెప్పాలన్న కోరిక నుంచే అదీ పుట్టింది, ఇదీ పుట్టింది.

గడ్డి మంటపై గాలి పైకి లేవడం ఆట సరిగానే చూపింది. 27 సెంటీగ్రేడు డిగ్రీల గాలిని అదే పీడనంలో 327 డిగ్రీలకు వేడిచేస్తే సాంద్రత సగమవుతుంది. తేలికైన గాలి పైకి పోక తప్పదు. అయితే ఆటలోని మంట కొద్ది క్షణాలలో తనంతట తానే ఆరిపోతుంది. ఎండుగడ్డి, గాలి ఉన్నచోట నిజమైన మంట అలా ఆరదు. నీటి నుంచి మంచు దిమ్మెను క్షణంలో పైకి లేపే శక్తి ఒకటి వీరునికి ఉన్నది. ఒక గ్రాము నీరు గడ్డకట్టాలంటే దాని నుంచి సుమారు 334 జౌళ్ల వేడిని తీసివేయాలి. ఒక ఘనమీటరు నీటికి లెక్కవేస్తే అది దాదాపు 93 కిలోవాట్-గంటలు. అమెరికాలో సగటు ఇంటికి మూడు రోజులు సరిపోయే విద్యుత్తుతో సమానమైన ఆ వేడి ఎక్కడికి పోయిందో ఆట చెప్పదు.

ఇవి వినోదానికి చేసిన సడలింపులు. వీటిని ఆక్షేపించనవసరం లేదు. కాని పిడుగు విషయం అలా వదలదగినది కాదు. ఆటలో ఉరుములు మొదలైతే వీరుని ఒంటిపైనున్న లోహం నిప్పురవ్వలు చిమ్ముతుంది, పిడుగు వచ్చి దానిమీదనే పడుతుంది. లోహాన్ని తీసి చెక్క ఆయుధం పట్టుకుంటే భయం లేదు. నిజజీవితంలో పిడుగు ఎక్కడ పడుతుందో నిర్ణయించేవి ముఖ్యంగా వస్తువు ఎత్తు, మొనదేలిన ఆకారం, ఒంటరిగా నిలిచి ఉండడం. జేబులోని నాణేలు, చేతి గాజులు తీసివేసినంత మాత్రాన మైదానంలో నిలిచిన మనిషికి రక్షణ కలగదు. చెట్టు కింద చేరడం మరీ ప్రమాదం. ఇంటి లోపల గాని, పైకప్పు ఉన్న కారు లోపల తలుపులు మూసుకుని గాని ఉండాలి. ఆ కారు కాపాడేది దాని లోహపు కవచం వల్లనే. విద్యుత్తు వెలుపలి తొడుగు వెంట నేలకు దిగిపోతుంది. అంటే ఆట నేర్పే పాఠానికి ఇది సరిగ్గా తలకిందులు. సాకర్ మైదానంలో ఉరుము విన్న పిల్లవాడు, తన వద్ద ఇనుము లేదు కదా అని ధైర్యపడితే ప్రాణానికే ముప్పు. ఈ ఒక్క సంగతి మాత్రం తల్లిదండ్రులు పిల్లలకు విడమరచి చెప్పాలి.

మూడవ సూత్రాన్ని కూడా ప్రకృతి ఒప్పుకోదు. యజ్ఞాలలో అరణి మథనం చూసినవారికి కట్టెను కట్టె రాపాడితే నిప్పు పుడుతుందని తెలుసు. ఆటలో ఎన్ని కట్టెలు రాపాడినా నిప్పు పుట్టదు. చెకుముకి రాయిని లోహపు ఆయుధంతో కొడితే మాత్రం పక్కనున్న కట్టెలు అంటుకుంటాయి; బహుశా వ్యాకరణంలో అపవాద సూత్రం వంటిది కాబోలు.

2023 మేలో వచ్చిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' అదే నేలను తీసుకుని, పైన ఆకాశద్వీపాలను, కింద పాతాళాన్ని చేర్చింది. అందులో వీరుడు ఏ వస్తువునైనా ఎత్తి మరొకదానికి అతికించగలడు. పలకలకు చక్రాలు తగిలిస్తే బండి, పంకా తగిలిస్తే విమానం. ఇది అద్భుతమైన సాధనమే, కాని దీని బలం యంత్రశాస్త్రంలో ఉన్నది. రసాయనం దాదాపు 2017లో ఉన్నచోటనే ఉన్నది.

నిజమైన రసాయనానికి ఆట అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది వంటకుండలో. దానిలో అయిదు వస్తువుల వరకు వేయవచ్చు. మిరపకాయలతో వండిన వంటకం చలిని ఆపుతుంది. కాయలు పెంచినకొద్దీ దాని ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది. ఆటలో పరిమాణానికి ఫలితంతో సంబంధం ఉన్న అరుదైన చోటు ఇది. కాని చలిని ఆపే మిరపకాయలు నాలుగింటితో వేడిని ఆపే పండు ఒక్కటి కలిపితే, నాలుగు కాయల గుణం మొత్తం నశిస్తుంది. ఆమ్లం, క్షారం కలిపినప్పుడు అలా జరగదు. నాలుగు పాళ్ళ ఆమ్లంలో ఒక పాలు క్షారం పోస్తే, తూకానికి తగినంతే తటస్థమై మూడు పాళ్ళ ఆమ్లం మిగులుతుంది. 18వ శతాబ్దం చివర లవోసియే తక్కెడను ప్రయోగశాల మధ్యకు తెచ్చిన తరువాతనే రసాయనం శాస్త్రమైంది. ఆ లోకంలో తక్కెడ లేదు.

తక్కెడ లేని లోటు ఒకచోట స్పష్టంగా కనిపిస్తుంది. అగ్నిపర్వత ప్రాంతంలో రాళ్ళు విసిరే ఒక జంతువు ముందు తుప్పుపట్టిన కత్తిని పడవేస్తే, అది కత్తిని మింగి, తళతళలాడేలా చేసి ఉమ్మివేస్తుంది. తుప్పు అంటే ఇనుము ప్రాణవాయువుతోను, నీటితోను కలిసి మారిన పదార్థం. దానిని తిరిగి ఇనుము చేయాలంటే కొలిమిలో కార్బన్ మోనాక్సైడుతో ప్రాణవాయువును లాగివేయాలి. అదే ఇంట్లో, తుప్పుపట్టిన ఒక మేకును వంటింటి తక్కెడలో తూచి, ఒక రాత్రి వెనిగరులో నానబెట్టి, మర్నాడు కడిగి ఆరబెట్టి మళ్ళీ తూచవచ్చు. నాలుగైదు మేకులు కలిపి తూస్తే తేడా బాగా తెలుస్తుంది. మేకులు మెరుస్తాయి, బరువు మాత్రం తగ్గుతుంది. పోయిన ఇనుము వెనిగరులో ఉన్నది.