గుండె అలసినవారి చివరి రోజులు: రోగికీ, సేవ చేసేవారికీ ధమ్మం

 

ముసలితనం, రోగం, మరణం గురించి విహారంలో ఎన్నోసార్లు విన్నాం. ఈ పాఠంలో వాటిని ఒక్క జబ్బు దగ్గర పెట్టి చూద్దాం. అది హార్ట్ ఫెయిల్యూర్. ఈ జబ్బుతో మంచం పట్టిన పెద్దవాళ్లను మీ పేటలో మీరూ చూసే ఉంటారు. వాళ్ల చివరి నెలలు ఎలా గడుస్తాయో, పక్కనున్న మనిషి ఏమవుతుందో మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం.

పేరు వినగానే గుండె ఆగిపోతుందని భయపడతారు. అది కాదు. గుండె ఒంటికి సరిపడా రక్తాన్ని నెట్టలేకపోతుంది. దాంతో నీరు ఊపిరితిత్తుల్లో, కాళ్లలో, పొట్టలో చేరుతుంది. చెప్పులు పట్టవు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక అర్ధరాత్రి లేచి మంచం పట్టె పట్టుకుని కూర్చుంటారు. పాత గుండెపోటు, ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ, షుగర్, తాగుడు దీనికి కారణాలు. ఇంకో కారణం మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. చిన్నతనంలో గొంతునొప్పి వచ్చి, సరైన మందు పడక, తర్వాత కీళ్లు వాచే జ్వరం వస్తుంది. దాన్ని రుమాటిక్ జ్వరం అంటారు. అది గుండె కవాటాలను పాడుచేస్తుంది. ఇరుకు ఇళ్లలో, వైద్యం అందని చోట ఇది ఎక్కువ.

అందుకే చుట్టాలు వచ్చి "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అంటే ఒప్పుకోకండి. మోలియ సీవకుడనే పరివ్రాజకుడు ఇదే మాట బుద్ధుణ్ని అడిగాడు. మనిషికి కలిగే సుఖదుఃఖాలన్నీ వెనకటి కర్మ వల్లేనా అని. బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, దెబ్బలు ఇలా ఎనిమిది కారణాలు చెప్పి, అంతా పూర్వకర్మేననే వాదం తప్పన్నాడు. మనల్ని అంటరానివాళ్లని చేసింది కూడా పూర్వజన్మ కథే కదా. ఆ కథను రోగి మంచం దాకా రానివ్వకూడదు.

ఇక ఈ జబ్బు నడక. క్యాన్సర్‌లో చివరికొచ్చేసరికి మనిషి దిగజారిపోవడం కళ్లకు కనిపిస్తుంది. ఇక్కడ అలా ఉండదు. ఒకరోజు ఆయాసం ముదిరి ఆసుపత్రిలో వేస్తారు. సూదితో నీరు లాగేస్తే నాలుగు రోజుల్లో లేచి కూర్చుని, టీ అడుగుతాడు. ఇంటికొస్తాడు. నెలకో, రెండు నెలలకో మళ్లీ అదే. ప్రతిసారీ లేస్తాడు గానీ ముందున్నంత పైకి లేవడు. ఇంట్లోవాళ్లకు "ఈసారీ గట్టెక్కుతాడులే" అనే నమ్మకం అలవాటైపోతుంది. ఏదో ఒకసారి గట్టెక్కడు. అప్పటికి అడగాల్సినవి, చెప్పాల్సినవి ఏవీ చెప్పుకుని ఉండరు.

డాక్టరు గది బయట కొడుకు "సార్, నాన్నకు మాత్రం చెప్పకండి" అంటాడు. లోపల తండ్రి భార్యతో "పిల్లలకు చెప్పకు, భయపడతారు" అంటాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాస్తారు. ఇది ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ మనిషిని ఒంటరివాణ్ని చేస్తుంది. అనాథపిండికుడు చావుబతుకుల్లో ఉన్నప్పుడు సారిపుత్తుడు, ఆనందుడు చూడటానికి వెళ్లారు. ఎలా ఉందని అడిగితే బాధ పెరుగుతోంది, తగ్గడం లేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. సారిపుత్తుడు కూడా తగ్గిపోతుందిలే అనలేదు. దేన్నీ పట్టుకుని వేలాడకుండా ఉండటం గురించి లోతైన బోధ చేశాడు. అనాథపిండికుడు ఏడ్చాడు. ఇన్నేళ్లుగా ఇలాంటి బోధ వినలేదన్నాడు. ఇది తెల్లబట్టల గృహస్థులకు చెప్పరని జవాబొస్తే, గృహస్థుల్లోనూ అర్థం చేసుకునేవాళ్లున్నారు, వాళ్లకూ చెప్పండని అడిగాడు. చివరి రోజుల్లో నిజం వినే హక్కు ఇంటి మనిషికీ ఉందని నేను దీన్నుంచి తీసుకుంటాను.

ఆసుపత్రి నుంచి వచ్చి కాస్త తేలిగ్గా ఉన్న రోజులే మాట్లాడుకునే సమయం. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే నకులమాతను చూడండి. భగ్గ దేశంలో, సుంసుమారగిరి దగ్గర ఆమె భర్త నకులపిత తీవ్రంగా జబ్బుపడ్డాడు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. బెంగతో ప్రాణం విడిచిపెట్టొద్దని చెప్పి, అతని మనసులో ఏ బెంగలుంటాయో తానే ఊహించి ఒక్కొక్కటీ విప్పింది. పిల్లల్ని ఎలా పెంచుతుందని అనుకుంటున్నావేమో, నాకు నూలు వడకడం వచ్చు, ఇల్లు నడుపుతానంది. మరో మగవాడి దగ్గరకు పోతానేమోనని అనుకోవద్దంది. నీ తర్వాత కూడా బుద్ధుణ్ని, సంఘాన్ని దర్శిస్తాను, శీలం తప్పను, ధమ్మంలో నాకు సందేహం లేదు అంది. (మరో పెళ్లి సంగతి ఆ కాలపు మాట. స్త్రీల హక్కుల కోసం బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లు తెచ్చిన తర్వాత, ఇవాళ మనం ఏ విధవరాలినీ ఆ మాట ఇమ్మనకూడదు.) నకులపిత ఆ జబ్బు నుంచి లేచి, కర్ర ఊతంతో బుద్ధుడి దగ్గరకు వెళ్లాడు. నీ మేలు కోరే ఇలాంటి భార్య దొరకడం నీ అదృష్టమని బుద్ధుడు అన్నాడు.

మన ఇంట్లో జబ్బు అలా తగ్గకపోవచ్చు. కానీ ఆమె పద్ధతి పనికొస్తుంది. రోగి భయం ఎక్కువసార్లు చావు గురించి కాదు. అప్పు ఎవరు తీరుస్తారు, చిన్నమ్మాయి చదువు ఆగిపోతుందా, ఇంటి పట్టా కాగితం ఎక్కడుంది, మీ అమ్మను ఎవరు చూస్తారు, ఇవే. "నాన్నా, అమ్మ నా దగ్గరుంటుంది. అప్పు సంగతి అన్నయ్యా నేనూ మాట్లాడుకున్నాం. పట్టా బీరువాలో ఉంది, చూశాను." ఈ మూడు ముక్కలు చెప్తే ఆ రాత్రి నిద్రపట్టినా పట్టొచ్చు. నిజం కాని హామీ మాత్రం ఇవ్వకండి.

వినయ పిటకంలో మహావగ్గలో రోగికీ, సేవ చేసేవారికీ ఉండాల్సిన గుణాలు చెరి ఐదు ఉన్నాయి. రోగి గుణాల్లో ఒకటి, తన బాధ పెరిగిందో, తగ్గిందో, అలాగే ఉందో దాచకుండా చెప్పడం. ఈ జబ్బులో ఇది ప్రాణంతో సమానం. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. సేవ చేసేవారి గుణాల్లో ఒకటి, మేలు చేసేదేదో కీడు చేసేదేదో తెలిసి, మేలు చేసేది దగ్గర పెట్టడం, కీడు చేసేది తీసేయడం. కీడు చేసేది ఉప్పు. ఆవకాయ, ఎండు చేపలు, అప్పడాలు. మోకాళ్లు నొప్పని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి బిళ్లలు, డైక్లోఫెనాక్ లాంటివి, ఇంకా ప్రమాదం. అవి ఒంట్లో నీటిని నిలబెడతాయి. మలమూత్రాలు, కఫం తీయడానికి అసహ్యించుకోకపోవడం మరో గుణం. బుద్ధుడు విరేచనాలతో పడివున్న భిక్షువును ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి మంచం మీద పడుకోబెట్టాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి చేయమన్నాడు.

ఆ సేవ మన ఇళ్లలో ఎవరు చేస్తారు? భార్య, లేకపోతే కోడలు, కూతురు. ఆమె రాత్రి నాలుగుసార్లు లేస్తుంది. కూలి పోతుంది. ఆమె బీపీ ఎవరూ చూడరు. మనిషి పోయాక "పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఉంటే బతికేవాడు" అనే మాట కూడా ఆమె మీదే పడుతుంది. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథానికి బాబాసాహెబ్ 1956లో రాసిన ముందుమాటలో, తాను చావుబతుకుల మధ్య ఉన్నాననీ, బతికి ఈ పుస్తకం పూర్తి చేయగలిగింది తన భార్య, డాక్టర్ మాల్వంకర్‌ల వైద్యం వల్లేననీ కృతజ్ఞతతో రాసుకున్నారు. పుస్తకం 1957లో వచ్చినప్పుడు ఆ ముందుమాట అందులో లేదు. 1956 డిసెంబర్ 6 తర్వాత సవితా అంబేద్కర్‌ను మనవాళ్లే ఎన్నో ఏళ్లు అనుమానించారు. రాత్రింబవళ్లు చూసుకున్న మనిషిని దుఃఖంలో వేలెత్తి చూపడం కొత్త కాదు. విహారం చేయగలిగిన పని ఒకటుంది. వారానికి రెండు రాత్రులు వంతులు వేసుకుని ఎవరో ఒకరు ఆ ఇంట్లో కూర్చోవడం, ఆమెను పడుకోనివ్వడం.

చివరి దశలో ఆయాసం మందులకూ లొంగకపోతే డాక్టర్లు కొద్ది మోతాదులో మార్ఫిన్ ఇస్తారు. ఇది మత్తు కదా, ఐదో శీలం ఏమవుతుందని అడుగుతారు. శీలం మత్తు కోసం తాగడం గురించి. పిళిందవచ్చుడనే భిక్షువుకు వాతరోగం వస్తే, రంగు, వాసన, రుచి తెలియనంత కొద్దిగా మద్యం కలిపిన తైలం మందుగా తాగడానికి బుద్ధుడే అనుమతించాడు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి మార్ఫిన్ దొరకడం సులువు చేశారు. కానీ డాక్టరు చెప్పిన మోతాదే వేయాలి. పాలియేటివ్ వైద్యం క్యాన్సర్‌కే అనుకోకండి, గుండె జబ్బుకూ అది ఉంది. జిల్లా ఆసుపత్రిలో అడగండి. ముఖానికి తగిలేలా చిన్న ఫ్యానో, విసనకర్రో పెట్టినా ఆయాసం కొంత తగ్గుతుంది.

వెంటిలేటర్ వద్దనడం మొదటి శీలాన్ని తప్పడం కాదా అని ఇంకో ప్రశ్న. ప్రాణం తీయడం వేరు, మేలు చేయని యంత్రాన్ని వద్దనడం వేరు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ముందస్తు వీలునామాను గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధృవీకరించుకుంటే చాలు. ఛాతీలో షాక్ ఇచ్చే మిషన్ పెట్టించుకున్నవాళ్లు, చివర్లో ఆ షాకులు ఆపించడం గురించి డాక్టరును ముందే అడగాలి.

చివరి గంటల్లో తులసి తీర్థం పట్టుకుని ఒకరు, ప్రార్థన చేస్తామని ఇంకో చుట్టం వస్తారు. శ్రాద్ధం, పిండం మనకు లేవని 22 ప్రతిజ్ఞల్లో చెప్పుకున్నాం, దాని మీద నిలబడాలి. అలాగని మంచం పక్కన గొడవ పడొద్దు. వాళ్లను బయటి గదిలో కూర్చోబెట్టి టీ ఇవ్వండి. రోగి చెవికి వినబడేలా మెల్లగా త్రిశరణం, పంచశీల చెప్పండి. మాట పడిపోయినా వినికిడి ఉండొచ్చు. చేయి పట్టుకోండి. పెదాలు తడి చేయండి. అన్నం తినమని బలవంతపెట్టొద్దు, ఆ దశలో ఒళ్లు అడగదు.

పుణ్యానుమోదన రోజున పోయినవారి గురించి అందరూ మాట్లాడతారు. ఎవరో ఒకరు లేచి, సేవ చేసిన మనిషిని కూడా పేరు పెట్టి పిలిచి, ఆమె ఎన్ని రాత్రులు మేలుకుందో చెప్పండి. ఆ తర్వాతి వారం ఆమెను బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి తీసుకెళ్లండి.