ఫాజిల్ సాయ్: తీగల మీద ఎడమ చెయ్యి

1970లో అంకారాలో పుట్టిన టర్కీ పియానిస్టు, స్వరకర్త ఫాజిల్ సాయ్ పేరు చెప్పగానే పోటీ పరీక్షల అభ్యర్థులకు గుర్తొచ్చేది కోర్టు కేసే. ట్వీట్లలో మతభావాలను కించపరిచారంటూ 2013లో 10 నెలల జైలుశిక్ష (అమలు వాయిదా) పడింది, 2016లో నిర్దోషిగా తేలారు. ప్రశ్న రావచ్చు, కాదనను. కానీ ఆయన స్థానాన్ని నిర్ణయించేది సంగీతమే. 1997 నాటి 'బ్లాక్ ఎర్త్' అనే పియానో రచన చూడండి. జానపద గాయకుడు ఆషిక్ వేసెల్ పాట దానికి ప్రేరణ. ఎడమచేత్తో పియానో లోపలి తీగలను అదిమిపట్టి, కుడిచేత్తో మెట్లు నొక్కుతారు. మోత అణిగి, సాజ్ అనే టర్కీ తంత్రీవాద్యం పలికినట్టుంటుంది.

ఇందులో కొత్తేముంది, అమెరికన్ హెన్రీ కోవెల్ 1920లలోనే పియానో తీగలు మీటాడుగా అనవచ్చు. నిజమే. అయితే కోవెల్ వెతికింది వినని ధ్వనుల కోసం. సాయ్ రాబట్టింది తన ఊళ్లవాళ్లు ఎప్పటినుంచో వింటున్న నాదాన్ని. ఆ దారే పెద్దదై, 2010లో జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో తొలిసారి వినిపించిన 'ఇస్తాంబుల్ సింఫొనీ' అయింది. అందులో నేయ్ (వేణువు), కానూన్ (తంత్రీవాద్యం), కుదూమ్ (చర్మవాద్యం) ఆర్కెస్ట్రా మధ్యే కూర్చుంటాయి. స్థానిక రంగు అద్ది అమ్ముకుంటున్నాడనే విమర్శకు జవాబు మరోచోట ఉంది: బీతోవెన్ 32 సొనాటాలనూ ఆయన రికార్డు చేశారు.