మందు దాచు చోటు

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ, సముద్రమునకు చేరువగా నున్న పచ్చని సీమ కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో వేసవియందు ఎండతోపాటు ఉక్కపోతయు బాధించును. మూత తీసియుంచిన ఉప్పు ఒక్క రాత్రిలో చెమ్మగిల్లును. ఆ చెమ్మయే ఇంటిలోని మందులను గూడ తాకుచున్నదని పలువురు తలపరు.

ఆస్పిరిన్ మాత్రకు తేమ తగిలినచో అది లోలోపల విడిపోవును. సీసా మూత తీయగానే వెనిగర్ వంటి పుల్లని వాసన వచ్చునేని, ఆ మాత్ర పాడైనదని గ్రహింపవలెను. కాని అన్ని మందులును ఇట్లు తమ చేటును చాటవు. చూచుటకు క్రొత్తదానివలెనే యుండి, శక్తి కోల్పోయిన మందు మిగుల ప్రమాదకరము. అట్టివానిలో ఇన్సులిన్ ముఖ్యమైనది.

1921వ సంవత్సరమున కెనడా దేశమందలి టొరంటో నగరములో బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు ఇన్సులిన్‌ను వేరుపరచిరి. 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునకు దానిని తొలుత సూదిద్వారా ఇచ్చిరి. కొలది దినములకు మరింత శుద్ధిచేసిన మందు ఇయ్యగా వాని రక్తమున చక్కెర తగ్గెను. అంతకు పూర్వము బాల్యమున మధుమేహము సోకినవారు ఎక్కువకాలము జీవింపలేకుండిరి.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. కోడిగ్రుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టిన పిదప మరల నీరు కానట్లే, వేడికి చెడిన ఇన్సులిన్ చల్లబరచినను బాగుపడదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్‌ను గూడ వాడరాదు. తెరవని సీసాను 2 మొదలు 8 సెంటీగ్రేడు డిగ్రీల చల్లదనమున ఉంచవలెను. ఫ్రిజ్ తలుపు మాటిమాటికి తెరువబడును గనుక తలుపు అర తగదు; మంచు పేరుకొను అరయు తగదు; నడిమి అర మేలు. తెరచిన సీసాను సాధారణముగా 25 లేక 30 డిగ్రీలు మించని చోట సుమారు 4 వారములు వాడవచ్చును. సరియైన గడువు పెట్టెమీదనే వ్రాయబడియుండును.

అయితే విద్యుత్తు లేనినాడు ఏమి గతి? 1996 నవంబరు 6వ తేదీ రాత్రి పెనుతుపాను కోనసీమను అతలాకుతలము చేసెను. వేయిమందికి పైగా మరణించిరి. కొబ్బరిచెట్లతోపాటు విద్యుత్ స్తంభములును నేలకూలెను. అట్టి వేళలందు ఫ్రిజ్ వట్టి పెట్టె మాత్రమే. వేడికి చెడిన మందును ఎరుగక వాడుచున్నచో, సూది వేయుచునే యున్నను చక్కెర పెరుగును. కారణము తెలియక మోతాదు హెచ్చించినచో, పిమ్మట మంచి సీసా వచ్చినప్పుడు ఆ హెచ్చిన మోతాదే ప్రాణముమీదికి తెచ్చును.

పూర్వులు నీరు చల్లబరచిన మట్టికుండ ఇచట కొంత ఆదుకొనగలదు. పెద్ద కుండలో తడియిసుక పోసి, అందు చిన్న కుండ నిలిపి, మూతగల డబ్బాలో సీసానుంచి దానిలో పెట్టి, తడిగుడ్డ కప్పి, గాలి వచ్చు నీడలో ఉంచవలెను. నీరు ఆవిరియగుచు వేడిని గొనిపోవును. అనంతపురము వంటి పొడిగాలి ప్రదేశములలో ఈ ఉపాయము బాగుగా పనిచేయును. కోనసీమ గాలిలో ముందే తేమ నిండియుండును గనుక నీరు మెల్లగా ఆవిరియగును. చల్లదనమును కొలదిగానే కలుగును. కావున కుండ ఫ్రిజ్‌కు సాటి కాదు. తెరచిన సీసాను కొన్నిదినములు కాపాడుటకే అది సాధనము. ఆపద గడచినంతనే వైద్యుని సలహా పొంది, అనుమానము గల సీసాను మార్చుకొనవలెను.

తక్కిన మందులలో చాలవానికి ఇంతటి శ్రమ అక్కరలేదు. పొయ్యి ప్రక్క గూడు, ఎండపడు కిటికీ, స్నానపుగది విడిచి, పిల్లల కందని పొడిచోట, వచ్చిన పెట్టెతోనే ఉంచిన చాలును. నీరు కలిపిన పిల్లల మందుసీసాపై కలిపిన తేదీ వ్రాసి, గడువు తీరగానే విడువవలెను. విత్తనపు ధాన్యమునకు ఏ చోటు తగునో రైతు ఎంచి చూచును. ప్రాణము నిలుపు మందునకును ఇంటింట అట్టి యెంపిక కావలెను.