లద్దాఖ్: చేతులు మారిన మంచుసీమ

పదో శతాబ్దంలో పశ్చిమ టిబెట్‌ను ఏలిన న్యిమాగోన్ రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకు పంచాడు. పల్గ్యిగోన్‌కు దక్కిన మర్యుల్ రాజ్యమే నేటి లద్దాఖ్. 15వ శతాబ్దంలో నామ్‌గ్యాల్ వంశం వచ్చింది.

పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఒప్పందాల దగ్గరే. ఇక్కడ కాస్త ఆగి చదవండి. టిబెట్‌తో యుద్ధంలో లద్దాఖ్ మొగలుల సాయం కోరింది. 1684 టింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందంతో పోరు ముగిసింది, పష్మీనా ఉన్ని వ్యాపారం కాశ్మీరు గుప్పిట్లోకి పోయింది.

1834లో జమ్ము పాలకుడు గులాబ్‌సింగ్ సేనాని జొరావర్‌సింగ్ లద్దాఖ్‌పై దండెత్తాడు. జమ్మును ఏలిన ఈ డోగ్రాలు అప్పటికి సిక్కు సామ్రాజ్య సామంతులని మరవొద్దు. ఆపై టిబెట్‌పైకీ దండెత్తిన జొరావర్ 1841 చలికాలంలో ఆ గడ్డపైనే నేలకొరిగాడు. టిబెట్‌తో కుదిరిన 1842 చుషుల్ ఒప్పందం పాత సరిహద్దులనే నిలిపింది. 1846 అమృత్‌సర్ ఒప్పందంతో లద్దాఖ్ జమ్ముకాశ్మీర్ సంస్థానంలో భాగమైంది.