చిత్రకళలో పై చదువు - నేతబిడ్డలు వెంట తీసుకొని పోవలసినది



కొంతకాలముగా మన సంఘ కార్యాలయములకు ఒక కొత్త ప్రశ్న వచ్చుచున్నది. "మా అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది. బి.ఎఫ్.ఏ. అయినది. ఇంకా రెండేళ్లు ఎం.ఎఫ్.ఏ. చదువుతానంటున్నది. అది చదివితే ఏమి వస్తుంది? అసలు అక్కడ ఏమి నేర్పుతారు?" అని అడుగుచున్నారు. ఇంజనీరింగు అంటే మనకు తెలుసు. బి.కాం. అంటే తెలుసు. ఈ చదువు సంగతి మాత్రము చాలమంది తల్లిదండ్రులకు తెలియదు. తెలియక కొందరు వద్దంటున్నారు, తెలియకనే కొందరు అప్పుచేసి పంపుచున్నారు. అందుచేత నాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరించుచున్నాను.

ఎం.ఎఫ్.ఏ. అనగా లలితకళలలో మాస్టరు పట్టా. బరోడావంటి చోట దీనినే ఎం.వి.ఏ. అంటారు. మన దేశములో సాధారణముగా నాలుగేళ్ల మొదటి పట్టా మీదట ఇది రెండేళ్ల చదువు. చిత్రలేఖనము, శిల్పము, ముద్రణచిత్రము అనే శాఖలు ఎక్కువచోట్ల ఉన్నవి. శాంతినికేతనములోని కళాభవనము వంటి కొద్దిచోట్ల వస్త్రమునకు కూడ చోటున్నది. సీట్లు తక్కువ. ప్రవేశమునకు మార్కులు మాత్రమే చాలవు. అభ్యర్థి తాను చేసిన పనిని ఒక సంచికగా కూర్చి చూపవలెను, ఎదుట కూర్చొని సమాధానము చెప్పవలెను.

చేరిన తరువాత జరుగునది మనము ఎరిగిన చదువువలె ఉండదు. విద్యార్థికి పని చేసుకొనుటకు కొంత చోటు ఇస్తారు. అక్కడ తన పని తానే ఎంచుకొని చేయవలెను. అప్పుడప్పుడు చేసినదంతయు గోడకు తగిలించి, గురువులు, తోటివారు చుట్టూ నిలబడి ప్రశ్నలు వేస్తారు. ఈ రంగు ఎందుకు? ఇంత పెద్దది ఎందుకు? ఇది నీ మనసులోనుండి వచ్చినదా, ఎక్కడో చూచినదా? చివర ఒక ప్రదర్శన పెట్టవలెను, చాలచోట్ల ఒక వ్యాసము కూడ వ్రాయవలెను. షావుకారు మడత విప్పి, చీరను వెలుతురుకు పట్టి తప్పులు వెదకుట మనకు అలవాటే. షావుకారు కూలి కోయుటకు అడుగుతాడు, వీరు విద్యార్థి చేత ఆలోచింపజేయుటకు అడుగుతారు, అంతే తేడా. ఆ గోడముందు ఏడ్చిన పిల్లలు కూడ ఉన్నారని విన్నాను. నేతయింట పెరిగినవారికి అంత కష్టము కాకూడదని నా నమ్మకము.

ఈ పట్టా ఎట్లు మొదలైనదో తెలిసికొన్న యెడల మన పిల్లలకు దీనితో ఏమి సంబంధమో బోధపడును. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయము 1940లో మొట్టమొదటిసారి ఎం.ఎఫ్.ఏ. పట్టాలు ఇచ్చినది. ఆ మొదటి వారిలో శిల్పములో పట్టా పొందినవారు ఎలిజబెత్ కాట్లెట్ అనే నల్లజాతి యువతి. ఆమె 1915లో వాషింగ్టనులో పుట్టినారు. ఆమె తాతలు, అవ్వలు బానిసలుగా పుట్టినవారు. అంతకుముందు పిట్స్‌బర్గులోని కార్నెగీ విద్యాసంస్థ ఆమెను జాతి కారణముగా చేర్చుకొనలేదు. అయోవా చేర్చుకొన్నది గాని, వసతిగృహములో చోటు ఇవ్వలేదు. బయట ఇల్లు చూచుకొని చదివినారు.

అక్కడ ఆమెకు గురువు గ్రాంట్ వుడ్. ఆయన అయోవా పల్లెలను, రైతులను చిత్రించి పేరు పొందిన చిత్రకారుడు. విద్యార్థులకు ఆయన ఇచ్చిన సలహా ఒక్కటే: మీకు అన్నిటికన్న బాగా తెలిసినదానినే చేయండి అని. కాట్లెట్ ఆలోచించినారు. తనకు బాగా తెలిసినది నల్లజాతి స్త్రీల బ్రతుకు. కనుక సున్నపురాతిలో ఒక నల్లజాతి తల్లిని, బిడ్డను చెక్కినారు. ఆ శిల్పమునకు అదే 1940లో చికాగోలో జరిగిన నీగ్రో ప్రదర్శనలో శిల్పవిభాగమున ప్రథమ బహుమతి వచ్చినది. తరువాత ఆమె మెక్సికోలో స్థిరపడి, 2012లో కాలధర్మము చెందినారు. ఇంకొక మాట కూడ చెప్పవలెను. వసతిగృహములో ఆమెకు చోటివ్వని ఆ విశ్వవిద్యాలయమే 2017లో తెరచిన కొత్త వసతిగృహమునకు ఆమె పేరు పెట్టినది.

రెండవ ఉదాహరణ మన మగ్గమునకు ఇంకను దగ్గరిది. షీలా హిక్స్ అను ఆమె 1934లో నెబ్రాస్కా రాష్ట్రమున పుట్టినారు. యేల్ విశ్వవిద్యాలయములో చిత్రలేఖనము చదువుటకు చేరి, 1957లో మొదటి పట్టా, 1959లో ఎం.ఎఫ్.ఏ. పొందినారు. అక్కడ జార్జి కుబ్లర్ అను ఆచార్యుడు దక్షిణ అమెరికా ప్రాచీన కళల గురించి చెప్పిన పాఠములలో పెరూ దేశపు పాతబట్టలు చూచి ఆమె ఆశ్చర్యపడినారు. ఆ బట్టలు నడుముకు కట్టుకొను చిన్న మగ్గము మీద నేసినవి. ఈమె చిత్రపటమునకు గుడ్డ బిగించు కొయ్యచట్రమునే మగ్గముగా చేసికొని, పోగులు కట్టి, తనంతట తాను నేయుట మొదలుపెట్టినారు. అరచేతియంత ముక్కలు! మన ఇండ్లలో పిల్లలు అట్టముక్కమీద ఆడుకొను నేతవంటిదే. ఆ చిన్నముక్కలను ఆమె జీవితమంతయు నేసినారు. వాటిని ఈనాడు మ్యూజియములు భద్రపరచుచున్నవి.

ఇంతకు ఆమె వ్యాసము కూడ ఆ పాతబట్టల నేతపైననే. చిత్రలేఖనశాఖలో చేరిన విద్యార్థిని నేతను గురించి వ్రాసిన యెడల విశ్వవిద్యాలయము కాదనలేదు. ఇది మనవారు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి. తరువాత 1966లో ఆమె కేరళకు వచ్చి, కోళికోడులోని కామన్‌వెల్త్ ట్రస్టు చేమగ్గముల కర్మాగారములో మన దేశపు నేతగాండ్రతో కలిసి దళసరి నూలుబట్టలు తయారుచేసినారు. అందులో ఒకదానికి వడకర ఊరి పాతపేరు, బడగర, పెట్టినారు. ఎంత చదివినా పడుగు పేకల సంగతికి ఆమె మగ్గము దగ్గరకే రావలసివచ్చినది. మన పిల్లలు బయలుదేరునది అక్కడినుండే.

ఇక పాఠము ఎట్లుండునో ఒక రుచి చూపుదును. యేల్‌లో ఆ కాలమున రూపకల్పనశాఖకు పెద్ద జోసెఫ్ ఆల్బర్స్. ఆయన భార్య యానీ ఆల్బర్స్ జర్మనీలో నేత నేర్చి, 1949లో న్యూయార్కు ఆధునిక కళామ్యూజియములో ప్రదర్శన జరుపుకొన్న నేతగత్తె. ఆల్బర్స్ రంగుల పాఠమును కుంచెతో కాక రంగుకాగితములతో చెప్పెడివారు. ఆ పాఠములు 1963లో పుస్తకముగా వచ్చినవి. ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి, రంగు ఒంటరిగా ఉండదని. పక్కన ఉన్న రంగునుబట్టి అదే రంగు వేరుగా కనబడును.

ఈ మాట విని మనవారు నవ్వవచ్చును. నీలి పడుగుపై ఆకుపచ్చ పేక కొట్టిన యెడల నెమలికంఠము వచ్చునని మన ఇంట పదేండ్ల పిల్లకు తెలియును. నల్లటి ఒంటిపై వెలిగిన ఎర్రగీత కుంకుమరంగు ఒంటిపై చచ్చిపోవునని ప్రతి నేతగానికి తెలియును. కాని, తెలియుట వేరు, ఎందుకో చెప్పగలుగుట వేరు. ఆ రెండవదానికే విశ్వవిద్యాలయము. ఇంటిలోనే ఒక పరీక్ష చేసి చూడండి. బెత్తెడు అట్టముక్క తీసుకొని, సగభాగము నల్లనూలు, సగభాగము తెల్లనూలు పోగుపక్కన పోగుగా చుట్టండి. రెండుభాగముల నడుమ కూడ ఒకే బూడిదరంగు నూలును నాలుగేసి పోగులు చుట్టండి. నల్లదానిలో ఆ బూడిద తెల్లబారినట్లు, తెల్లదానిలో నల్లబారినట్లు కనబడును. నూలు ఒక్కటే! పిల్లలచేత ఇట్లు ఇరవై ముప్పై అట్టలు, రంగులు మార్చుచు చేయించి, ఒక్కొక్కదాని వెనుక ఏమి కనబడినదో రెండు పంక్తులు వ్రాయించండి. ఆ కట్ట ఏ ఇంటర్వ్యూకైనను పనికివచ్చును.

మన దేశములో ఈ దారి వేసినవారు ఉన్నారు. కె.జి. సుబ్రమణ్యన్‌గారు శాంతినికేతనములో చదివి, బరోడా విశ్వవిద్యాలయములో చిత్రకళ బోధించినారు. 1959 మొదలు 1961 వరకు అఖిల భారత చేమగ్గముల బోర్డులో రూపకల్పన బాధ్యత వహించినారు. ఆ పేరుగల బోర్డును ప్రభుత్వము 2020లో రద్దు చేసినది గాని, 1956 నుండి ఏర్పడిన నేతగాండ్ర సేవాకేంద్రములు కాంచీపురము, సేలము, బెంగుళూరు, ముంబయి, భువనేశ్వరము, విజయవాడ మొదలైనచోట్ల నడుచుచున్నవి. సుబ్రమణ్యన్‌గారి శిష్యురాలు మృణాళినీ ముఖర్జీ బరోడాలో చిత్రలేఖనము, భిత్తిచిత్రము చదివి, మగ్గము లేకుండ, రంగువేసిన జనపతాళ్లను ముడులు వేసి నిలువెత్తు విగ్రహములు చేసినారు. ఆమె 2015లో పోయినారు. 2019లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమువారు ఆమె పనులు అనేకము ఒకచోట చేర్చి ప్రదర్శించినారు. తాడు, ముడి! మనకు తెలియని వస్తువులా ఇవి?

అయినను మనవారు ఏమి చేయుచున్నారు? సంఘ ధ్రువపత్రము కొరకు నా యొద్దకు వచ్చిన దరఖాస్తులు చూచినాను. తండ్రి వృత్తి అన్నచోట "వ్యాపారము" అని వ్రాయుచున్నారు. సంచికలో సినిమా నటుల ముఖములు, క్యాలెండరు దేవుళ్లు, కొండలు, సూర్యోదయము. వాటిని అందరును వేయగలరు. ఆ అబ్బాయే జాకార్డుకు గీసిన గడికాగితములు అటకమీద ఉన్నవి, వాటిని వెంట తేలేదు. అడిగితే "అవి కూలిపని కదండీ" అన్నాడు. నాకు మనసు చివుక్కుమన్నది.

సంచికలో ఏమి ఉండవలెనో నా అభిప్రాయము చెప్పుదును. చేతితో గీసిన బొమ్మలు తప్పక ఉండవలెను. గీత రానివారికి ఈ చదువు లేదు. వాటితోపాటు గడికాగితములు, వాటిపక్కన నేసిన ముక్క, రంగుల అట్టలు పెట్టవలెను. కాంచీపురమువారైతే మూడు నాడెలతో ఒంటిని, అంచును కలుపు కోర్వైని, ఇల్కల్లు వారైతే ఒంటిపడుగుకు చెంగుపడుగును కొక్కెములుగా కలుపు పద్ధతిని అంచెలంచెలుగా బొమ్మలు గీసి చూపవలెను. తాత చేసిన నమూనా అయితే తాతదని వ్రాయవలెను. తండ్రి నేసి, బిడ్డ గీసినదైతే ఇద్దరి పేర్లు వ్రాయవలెను. పెద్దపెద్ద ప్రదర్శనలలో నేసినవారి పేరు లేకుండ గీసినవారి పేరు మాత్రమే వెలుగుట మనము చూచుచున్నాము. మన పిల్లలే ఆ తప్పు చేసిన యెడల ఇక ఎవరిని అడుగగలము?

ఈ చదువును చేమగ్గముల సాంకేతిక విద్యతో కలిపి చూడకండి. సేలములోను, ఒడిశా బరగఢ్‌లోను, వెంకటగిరిలోను ఉన్న సంస్థలు నూలు, అద్దకము, మగ్గము, లెక్కలు నేర్పి, ఉద్యోగమునకు తయారుచేయును. త్వరగా సంపాదన కావలసిన ఇంటికి అదే మేలు. ఎం.ఎఫ్.ఏ. వెంటనే అన్నము పెట్టు చదువు కాదు. కళాశాలలో బోధించవలెనన్న సాధారణముగా ఆ పట్టా మీద నెట్ పరీక్ష కూడ నెగ్గవలెను. బొమ్మలు అమ్ముకొని బ్రతుకుట కొద్దిమందికే సాధ్యము. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో జీతము మోయగలిగినంతే గాని, రంగులకు, సామగ్రికి, చివరి ప్రదర్శనకు అయ్యే ఖర్చు వేరు. ముందే లెక్క వేసికొనవలెను. ఇల్లు తాకట్టుపెట్టి విదేశమునకు పంపుటకు నేను సమ్మతింపను. విద్యార్థి వేతనము దొరికిన యెడల సంతోషముగా పంపండి.

ఆడపిల్ల విషయములో మాత్రము ఒక మాట. పైన చెప్పిన కాట్లెట్, హిక్స్, ముఖర్జీ ముగ్గురును స్త్రీలే. మన ఇండ్లలో కండెలు చుట్టునది, రంగు ఎంచునది ఎవరో అందరికి తెలియును. సంబంధము చూచుటకు రెండేళ్లు ఆగిన యెడల నష్టము లేదు.

ఈ సంవత్సరము దరఖాస్తు చేయదలచినవారు అటకమీది పాత గడికాగితములు, నమూనా ముక్కలు దించి, దుమ్ము దులిపి, ఎవరు ఏ సంవత్సరమున చేసినదో పెద్దలను అడిగి పెన్సిలుతో వెనుక వ్రాసికొనండి. పాతకాగితములవాడు వచ్చినప్పుడు కిలోల లెక్కన వేయకండి. మగ్గముపని తెలియునని ధ్రువపత్రము కావలసినవారు నేసిన ముక్క ఒకటి తీసుకొని తమ సంఘ కార్యదర్శిని కలిసికొనవచ్చును. తండ్రి వృత్తి అన్నచోట "చేనేత" అని వ్రాసిన దరఖాస్తునే మేము సంతకమునకు తీసుకొందుము.