నంద్యాల గొప్పవాళ్లలో మనవాళ్లెవరు?

నంద్యాల అంటే జీకే పుస్తకాల్లో రెండు పేర్లొస్తాయి. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్ ఓడింది ఇక్కడొక్కచోటే. గెలిచిన నీలం సంజీవరెడ్డి అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పీవీ మెజారిటీ దాదాపు 5.8 లక్షలు. అయితే ఒకరిది అనంతపురం, ఇంకొకరిది తెలంగాణ. ఓట్లు మాత్రం మనవి!

అచ్చంగా ఈ మట్టివాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. కుటుంబానికి నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను ఇచ్చే కంపెనీ మీదే తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, తలను ఏళ్ల తరబడి కోటకు వేలాడదీశారు. సినిమా వచ్చేదాకా నాకూ ఈ తేదీ తెలీదు.

ఇక ఆళ్లగడ్డ శిల్పులు. వాళ్లు చెక్కిన దేవుళ్లు ఎన్నో గుళ్లలో ఉన్నారు. గోడ మీద దాతల పేర్లు కనిపిస్తాయి గానీ, చెక్కినాయన పేరు నేనింకా చూడలేదు. ఈ సెలవుల్లో అటు వెళ్తే, ఉలి చప్పుడు వినపడిన చోట ఆగి పేరు అడగండి.